సుద్దముక్క ఉద్యోగం

గ్రిమ్స్‌బీ రేవులో, చేపల వేలం షెడ్డు వెనక,
ఓడల కంపెనీ ఆఫీసులో నా పని
నల్లబల్ల మీద రాయడం.
ఓడ పేరు, వెళ్ళిన తేదీ, రావలసిన తేదీ,
నాలుగో గడిలో ఒకే ఒక్క మాట.
అప్పటికి నాకు పద్దెనిమిది నిండలేదు.
దస్తూరీ బాగుందని ఆ గడి నాకప్పగించారు.

మొదటి రోజే మిస్టర్ క్రేథార్న్ చెప్పాడు:
"లేట్ అంటే పొద్దుగూకేలోగా వచ్చేది.
ఓవర్‌డ్యూ అంటే ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చెయ్యాల్సింది.
మిస్సింగ్ అని నన్నడక్కుండా రాయకు.
లాస్ట్ అని అసలే రాయకు, అది నేను రాస్తాను."
చెప్పి, బిస్కెట్టు టీలో ముంచుకున్నాడు.
నాలుగూ ఒకటే కదా,
రాలేదనేగా,
అనుకున్నాను.

ఫిబ్రవరిలో 'గ్రే హెరన్' రాలేదు.
పందొమ్మిది మందితో ఐస్‌లాండ్ వైపు వెళ్ళిన ఓడ.

సోమవారం లేట్ అని రాశాను.
హిల్డా ఓటర్‌బీ పని మధ్యలో వచ్చి చదివింది,
మోచేతుల దాకా చేప పొలుసులు,
రబ్బరు బూట్ల కింద మడుగు.
"మా విల్ఫ్ పెళ్ళికే నలభై నిమిషాలు లేటు.
ఆ జబ్బు ఓడక్కూడా అంటించినట్టున్నాడు" అని
పకపకా నవ్వి వెళ్ళింది.

బుధవారం తుడిచి ఓవర్‌డ్యూ అని రాశాను.
"ఇది లైబ్రరీ పుస్తకాలకనే మాట కదే," అంది.
"రోజుకింతని జరిమానా కడితే సరిపోతుంది.
ఎంతో చెప్పు, కడతాను."
నిజంగానే పర్సు తీసింది.
నేను బల్ల మీద సున్నాల మీద సున్నాలు దిద్దుతూ
తల తిప్పలేదు.

ఆ ఆదివారం ఆఫీసు తెరిచారు.
క్రేథార్న్ తల ఊపాడు, నేను మిస్సింగ్ అని రాశాను.
గది నిండా ఆడవాళ్ళు. ఎవరూ మాట్లాడలేదు.
ఆ మాటకి తోక ఉంది,
ఇంకా ఏదో జరుగుతూనే ఉందని చెప్పే తోక.
ఎక్కడో ఎవరో తెడ్డు వేస్తూ ఉన్నట్టు,
తడిసిన అగ్గిపుల్ల గీస్తూ ఉన్నట్టు.
అందరూ దాన్నే పట్టుకుని వేలాడారు ఆ పూట.
హిల్డా ఒక్కతే గొణిగింది:
"బెంగపడుతున్నది నేను.
మిస్సింగ్ అని ఓడనంటారేం?"

ఓడ బయల్దేరిన రోజు మగాడి బట్టలుతకకూడదు ఇక్కడ.
ఉతికితే సముద్రం మనిషిని ఉతికేస్తుందంటారు.
హిల్డా ఉతకలేదు. ఎవరూ ఉతకలేదు, ఆ వీధిలో.
అడిగి మరీ చెప్పించుకున్నాను,
ఎందుకడిగానో ఇప్పటికీ తెలీదు.

పదకొండో రోజు ఐస్‌లాండ్ ఒడ్డున
ఓడ పేరున్న చెక్క దొరికింది.
క్రేథార్న్ కోటు విప్పి కుర్చీకి తగిలించి
నా చేతిలోంచి సుద్ద తీసుకున్నాడు.
లాస్ట్.
ట్రాము డిపోలో అదే పేరుతో ఒక అర ఉంది:
గొడుగులు, ఒంటి చేతి గ్లోవులు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు.
వెళ్ళి ఆనవాలు చెబితే ఇచ్చేస్తారు.
ఆయన రాత వంకర. ఎస్ దగ్గర సుద్ద విరిగింది.

మార్చిలో పింఛను కాగితాలు టైపు చేశాను.
పందొమ్మిది కాగితాలు, ప్రతి పేరు ముందూ
కంపెనీ చెప్పిన పద్ధతి ప్రకారం
'ది లేట్'.
హిల్డా వేలు పెట్టి చదివింది. ఆగింది.
"మళ్ళీ మొదటికొచ్చావేం పిల్లా?
సోమవారం రాసిన మాటే ఇది."
ముందొక 'ది' చేరితే
ఇక ఏ పొద్దుకీ రాడని అర్థమని
నేనెలా చెప్పను?
ఆమెకి తెలీదా?
సంతకం పెట్టి, కలం మూత బిగించి,
"పోన్లే, వాడికలవాటే" అంది.

నలభై ఏళ్ళయింది. రేవులో ఇప్పుడు ట్రాలర్లు లేవు.
బస్‌స్టాపులో ఎవరో వాచీ చూసి
తొమ్మిదో నంబరు లేటంటారు, విసుగ్గా.
నేను వేళ్ళు కోటుకి తుడుచుకుంటాను.
సుద్దేమీ ఉండదు.